సికిల్ సెల్: పసిబిడ్డల రక్తంలో దొరికిన ఆధారం

సికిల్ సెల్ వ్యాధితో పుట్టిన బిడ్డ మొదటి కొన్ని నెలలు బాగానే ఉంటుంది. పాలు తాగుతుంది, బరువు పెరుగుతుంది. ఆ తర్వాతే చేతులు, పాదాలు వాచిపోయి, ముట్టుకుంటే చాలు గుక్కపట్టి ఏడుస్తుంది. లోపం పుట్టుకతోనే ఉన్నప్పుడు అన్నాళ్లూ బిడ్డను కాపాడింది ఏమిటి? న్యూయార్క్‌లో పిల్లల వైద్యురాలు జానెట్ వాట్సన్ 1948లోనే ఈ సంగతి గమనించారు. పూర్తి జవాబుకు అరవై ఏళ్లు పట్టింది.

1949లో రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం ఈ వ్యాధికి మూలం ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ అణువులోనే ఉందని చూపింది. కొన్నేళ్లకు వెర్నన్ ఇంగ్రామ్ ఆ తేడా ఎక్కడుందో పట్టుకున్నారు. ఆ అణువులో భాగమైన బీటా అనే ప్రోటీన్ గొలుసులోని 146 అమైనో ఆమ్లాల్లో ఆరోది గ్లుటామిక్ ఆమ్లం కావాలి, రోగుల్లో అక్కడ వాలీన్ ఉంది. అంతే తేడా. కానీ దానివల్ల, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి పోగులవుతాయి. మెత్తగా సాగాల్సిన ఎర్రకణం కొడవలిలా వంగి, బిగుసుకుపోయి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ప్రాణం తోడేసే ఆ నొప్పి అక్కడే పుడుతుంది.

గర్భంలో తయారయ్యే హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఉండదు, దాని బదులు ఈ లోపం లేని గామా గొలుసు ఉంటుంది. బిడ్డను కాపాడింది అదే. పుట్టాక గామా జన్యువు క్రమంగా పని తగ్గించుకుంటుంది, బీటా జన్యువు ఆ పని అందుకుంటుంది. గామాను ఆపుతున్నది ముఖ్యంగా బీసీఎల్11ఏ అనే మరో జన్యువని విజయ్ శంకరన్, స్టువర్ట్ ఆర్కిన్ బృందం 2008లో తేల్చింది.

నాకు అన్నిటికన్నా అద్భుతంగా తోచేది ఆ తర్వాతి అడుగు. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన క్యాస్‌జెవీ చికిత్సలో లోపమున్న బీటా జన్యువు జోలికే పోరు. రక్తకణాలను తయారుచేసే రోగి మూలకణాలను బయటికి తీసి, ఎర్రకణాల తయారీలో బీసీఎల్11ఏను పనిచేయించే డీఎన్ఏ భాగాన్ని క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో కత్తిరించి, తిరిగి ఎక్కిస్తారు. పసితనంలో కాపాడిన హిమోగ్లోబిన్ మళ్లీ తయారవుతుంది.

అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. ఈ వ్యాధి ఉన్న మన ఏజెన్సీ గూడేలకు అది ఊహకైనా అందదు. అయితే ఎన్నో ఏళ్లుగా వాడుకలో ఉన్న హైడ్రాక్సీయూరియా మాత్ర కూడా, అంత బలంగా కాకపోయినా, ఆ గామా హిమోగ్లోబిన్‌నే పెంచుతుంది. నొప్పి దాడులను తగ్గిస్తుంది. 2023 జూలైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం పెట్టుకుంది. పరీక్షలో వ్యాధి బయటపడిన ప్రతి బిడ్డకూ వైద్యుల పర్యవేక్షణలో ఆ మాత్ర నెలనెలా, దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే అందాలి.