బడికి బయల్దేరే ముందు పోలీసుల గురించి ఒక ఉత్తరం

నా బంగారాలూ, మనవలూ మనవరాళ్ళూ,

బళ్ళు తెరిచేస్తున్నారు కదా. జూన్ రెండో వారం వచ్చిందంటే మా స్టేషన్లో కూడా హడావుడి మొదలయ్యేది, పొద్దున్నే బడుల ముందు ట్రాఫిక్ డ్యూటీ, ఆటోల చెకింగు, హెడ్మాస్టర్లతో మీటింగులు. రిటైర్ అయిపోయినా ఈ రోజులొస్తే నా మనసు అటే లాగుతుంది. అందుకే రాస్తున్నా, కొంచెం పొడుగే ఉంటుంది, ఒకేసారి చదవలేకపోతే రెండుసార్లుగా చదవండి కానీ మొత్తం చదవండి, చిన్నోళ్ళకి అక్కలూ అన్నలూ చదివి వినిపించాలి.

మీలో చాలామంది చిన్నప్పట్నుంచి ఒక మాట వింటూ పెరిగారు. అల్లరి చేస్తే పోలీసులకి పట్టిస్తా, నిద్రపోకపోతే పోలీసోడొచ్చి ఎత్తుకుపోతాడు. అమ్మలు ఏదో ఆ పూటకి పని అవ్వాలని అనేస్తారు, వాళ్ళ తప్పని నేనట్లేదు, కానీ ఆ మాట పిల్లల లోపల ఎంత గట్టిగా నాటుకుంటుందో నేను కళ్ళారా చూశాను. ఓసారి పండగ రద్దీలో రైల్వే ప్లాట్‌ఫాం మీద ఒక బాబు తప్పిపోయాడు, ఐదారేళ్ళుంటాయేమో, సిమెంటు బెంచీ వెనక నక్కి కూర్చున్నాడు. మా కానిస్టేబుల్ ఒకతను మంచిగానే నవ్వుతూ దగ్గరికెళ్తే ఆ ఖాకీ చూడగానే లేచి పరుగు, అటూ ఇటూ కాదు, ప్లాట్‌ఫాం చివరికి, పట్టాల వైపు. మేమంతా ఉన్నచోటే ఆగిపోయాం, ఎందుకంటే మేం ఒక్క అడుగు ముందుకేస్తే వాడు రెండడుగులు వేస్తున్నాడు. చివరికి అక్కడ ఊడ్చే ఆమె చీపురు పక్కన పెట్టి నేలమీద కూర్చుని మెల్లగా పిలిస్తే ఆమె దగ్గరికొచ్చాడు. వచ్చాక చూస్తే వాళ్ళ నాన్న ఫోన్ నంబరు పదంకెలూ తడుముకోకుండా చెప్పాడు! అంటే అంతసేపూ వాడికి నంబరు నోటికొచ్చు, మాకు చెప్పడానికే భయం. ఇల్లు చేర్చడానికి వచ్చినోళ్ళనే వాడు ఎత్తుకుపోయేవాళ్ళనుకున్నాడు.

కాబట్టి నా మాటగా మీ ఇంట్లో వాళ్ళకి చెప్పండి, పోలీసుల పేరు చెప్పి పిల్లల్ని భయపెట్టొద్దని. భయం అలా పాతుకుపోతే నిజంగా అవసరం పడ్డ రోజు నోరు పెగలదు.

ఇంకో సంగతి మీకెవరూ చెప్పి ఉండరు. పిల్లల విషయంలో పోలీసులు ఎలా నడుచుకోవాలో మన దేశంలో చట్టమే రాసిపెట్టింది, అదంతా మీ పక్షానే ఉంది. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం ప్రతి స్టేషన్లో కనీసం ఒక ఆఫీసరు, ఏఎస్సై కంటే తక్కువ ర్యాంకు కాకుండా, పిల్లల కోసమనే ఉండాలి, ఆయన్నో ఆమెనో చైల్డ్ వెల్ఫేర్ పోలీస్ ఆఫీసర్ అంటారు. తప్పిపోయిన పిల్లలు దొరికినా, ఇంట్లోంచి పారిపోయి వచ్చినా, ఎవరో పనిలో పెట్టి కొడుతున్నా, 24 గంటల్లోపు చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందుకి, అంటే అలాంటి పిల్లల బాగోగులు తేల్చే కమిటీ ముందుకి, తీసుకెళ్ళాలి. ఒకవేళ పిల్లలే తప్పు చేశారని కేసొచ్చినా సరే 18 ఏళ్ళలోపు వాళ్ళని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకి పంపకూడదు. లాకప్‌లో వేస్తాం అని ఎవరైనా ఒక పిల్లాణ్ణి బెదిరించారంటే వాళ్ళకి చట్టం తెలీదనో, తెలిసీ అబద్ధం ఆడుతున్నారనో అర్థం.

అలాగే ఏదైనా గొడవో యాక్సిడెంటో మీ కళ్ళ ముందు జరిగి మీరు సాక్షులయ్యారనుకోండి, 15 ఏళ్ళలోపు మగపిల్లల్ని గానీ, ఏ వయసు ఆడపిల్లల్ని గానీ స్టేషన్‌కి రమ్మని పిలవకూడదు, ఆఫీసరే మీ ఇంటికి రావాలి. ఇది చాలామంది పెద్దోళ్ళకి కూడా తెలీదు.

ఇప్పుడు కాస్త జాగ్రత్తగా చదవండి. ఎవరైనా మిమ్మల్ని తాకకూడని చోట తాకినా, తాకమని అడిగినా, పాడు ఫోటోలు చూపించినా, ఆ మనిషి బయటోడే కానక్కర్లేదు, ఆటో అంకుల్ కావచ్చు, ట్యూషన్ సార్ కావచ్చు, చుట్టమే కావచ్చు. అప్పుడు తప్పు మీది కాదు, ఏ రకంగానూ కాదు. దీనికోసమే పోక్సో అనే చట్టం తెచ్చారు, 2012లో సరిగ్గా బాలల దినోత్సవం నాడు, నవంబర్ 14న అమల్లోకొచ్చింది. ఆ చట్టం ప్రకారం మీ మాట రాసుకోవడానికి వచ్చే ఆఫీసరు యూనిఫాంలో రాకూడదు, వీలైనంతవరకు ఎస్సై ర్యాంకుకి తగ్గని ఆడ ఆఫీసరే రావాలి, మీ ఇంట్లోనో మీకు నచ్చిన చోటో కూర్చుని వినాలి, మీ పక్కన అమ్మో నాన్నో మీరు నమ్మే ఇంకెవరో ఉండాలి. ఏ కారణంతోనైనా సరే రాత్రిపూట పిల్లల్ని స్టేషన్లో ఉంచకూడదు. మీ పేరు, ఫోటో, బడి పేరు పేపర్లో టీవీలో రాకూడదు. ఇలాంటి వాంగ్మూలాలు రాసేటప్పుడు నేను చీర కట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ చీర వల్లే పిల్లలు నా పక్కన కూర్చుని, నా వైపు చూడకపోయినా గోడ వైపు చూస్తూ అయినా, మొత్తం చెప్పేవాళ్ళు. మధ్యలో ఆపి నీళ్ళు తాగేవాళ్ళు, మళ్ళీ మొదలెట్టేవాళ్ళు, తొందరపెట్టకూడదు. చెప్పేశాక వాళ్ళ భుజాలు దిగేవి, అది ఎదురుగా కూర్చున్నోళ్ళకి తెలుస్తుంది.

నంబర్లు రాసుకోండి. దేనికైనా, పోలీసైనా అంబులెన్సైనా ఫైరైనా, 112. పిల్లల కోసం ప్రత్యేకంగా 1098, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బులు పడవు, 1996లో ముంబైలో వీధి పిల్లల కోసం మొదలైన నంబరిది, ఇప్పుడు దేశమంతా ఉంది. ఆన్‌లైన్‌లో ఎవరైనా డబ్బు కొట్టేస్తే 1930. ఫోన్ చేసినప్పుడు ముందు ఎక్కడున్నారో చెప్పండి, తర్వాత ఏమైందో చెప్పండి, ఎందుకంటే మధ్యలో ఫోన్ కట్ అయిపోయినా చోటు తెలిస్తే బండి బయల్దేరుతుంది. అడ్రస్ తెలీకపోతే చుట్టూ చూసి పెద్ద బోర్డు ఏదుంటే అది చదవండి. ఇంట్లో వాళ్ళ నంబరు మాత్రం కనీసం ఒకటి నోటికి రావాలి, ఫోన్లో సేవ్ అయ్యుంది కదా అంటే కుదరదు, ఆ ఫోనే పోతే?

తప్పిపోయిన పిల్లల గురించి పెద్దోళ్ళు తెలుసుకోవాల్సింది కూడా ఒకటుంది, ఈ ముక్క అమ్మానాన్నలకి చూపించండి. బిడ్డ కనపడకపోతే ఒక రోజు చూసి అప్పుడు రండి అని ఎవరన్నా వినొద్దు, వెంటనే ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లో సుప్రీం కోర్టే చెప్పింది. మా ఏరియా కాదు వేరే స్టేషన్‌కి పొండి అనడానికీ లేదు, ఎక్కడైనా రాసుకుని తర్వాత ఆ స్టేషన్‌కి పంపాలి, దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. మొదటి గంటలు ఎంత విలువైనవో నాకు బాగా తెలుసు. ఇంకా మనవైపు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్ అని, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అని టీములు బస్టాండ్లూ స్టేషన్లూ ఇటుక బట్టీలూ తిరిగి బడిలో ఉండాల్సిన పిల్లల్ని వెతికి తీసుకొస్తారు. మీ వయసు పిల్లలు ఎక్కడైనా పనిలో కనిపిస్తే మీరూ 1098కి చెప్పొచ్చు, మీ పేరు చెప్పక్కర్లేదు.

ఇక రోడ్డు. నిజం చెప్తున్నా, దొంగల కంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది బడి గేటు ముందు రోడ్డే. బస్సు దిగిన నిమిషం చాలా ప్రమాదం. డ్రైవర్ సీట్లో కూర్చుని చూస్తే బస్సు ముక్కుకి ఆనుకుని ఉన్న కొన్ని అడుగుల జాగా అసలు కనపడదు, మీరు పొట్టిగా ఉంటారు కాబట్టి అక్కడ నిలబడితే ఆయన దృష్టిలో మీరు లేనట్టే. దానికితోడు వాటర్ బాటిల్ జారి చక్రం దగ్గర పడుతుంది, వంగుతారు, లోపల బెల్లు కొడతారు, బస్సు కదులుతుంది. అందుకని బాటిల్ పడ్డా, పుస్తకం పడ్డా, కొత్త వాచీ పడ్డా సరే వంగొద్దు, గట్టిగా అరిచి క్లీనర్‌కో ఆయమ్మకో చెప్పండి, వాళ్ళే తీస్తారు. దిగాక రోడ్డు దాటాలంటే బస్సు వెళ్ళిపోయేదాకా పక్కన ఆగండి, బస్సు చాటునుంచి రోడ్డు మీదకొస్తే ఎదురొచ్చే బండోడికి మీరు ఆకాశంలోంచి ఊడిపడ్డట్టే. మన దగ్గర బళ్ళు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి ముందు కుడివైపు చూడాలి, తర్వాత ఎడమ, మళ్ళీ కుడి. ఇయర్‌ఫోన్లు తీసేయండి. ఆటోలో డ్రైవర్ పక్కన వేలాడుతూ కూర్చోవద్దు, కుక్కి కుక్కి ఎక్కిస్తుంటే ఇంట్లో చెప్పండి, చెప్తే ఆటో అంకుల్‌కి కోపమొస్తుందని ఊరుకోవద్దు.

పెద్ద క్లాసుల వాళ్ళకి, బండి గురించి. తొమ్మిదో తరగతి కుర్రాడు నాన్న బైకు తీసుకుని బడికొస్తే ఫ్రెండ్స్ ముందు గొప్పగానే ఉంటుంది, కాదనను. కానీ 2019లో మారిన మోటార్ వెహికల్స్ చట్టం ప్రకారం మైనర్ బండి నడిపితే శిక్ష ఇంట్లో వాళ్ళకి లేదా బండి ఓనర్‌కి పడుతుంది, 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ కుర్రాడికి 25 ఏళ్ళొచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. ఒక్క సాయంత్రం సరదాకి నాన్నని కోర్టు మెట్లెక్కిస్తారా? వెనక కూర్చున్నా హెల్మెట్ పెట్టుకోండి, నాలుగేళ్ళు దాటిన అందరికీ ఉండాలనే చట్టం చెప్తుంది, కానీ మన జనం పిల్లల తలలకి హెల్మెట్ కొనడానికి ఎందుకు వెనకాడతారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

పోలీసుల్ని నమ్మమన్నాను కదా, పోలీసునని చెప్పుకున్న ప్రతివాణ్ణీ నమ్మమని కాదు. షీ టీమ్స్ అని ఆడపిల్లల్ని ఏడిపించేవాళ్ళని పట్టుకునే పోలీసు టీములున్నాయి, వాళ్ళు మఫ్టీలో తిరుగుతారు, తెలంగాణలో 2014 నుంచి ఉన్నారు, ఆకతాయిల్ని పట్టుకోవాలంటే యూనిఫాం లేకుండానే ఉండాలి మరి. కానీ మామూలు బట్టల్లో ఒకాయన గేటు దగ్గరికొచ్చి నేను పోలీసుని, మీ నాన్నకి యాక్సిడెంట్ అయింది, బండెక్కు అంటే ఎక్కొద్దు. ఐడీ కార్డు అడగండి, వెనక్కి లోపలికెళ్ళి టీచర్‌కి చెప్పండి, టీచర్ ఇంటికి ఫోన్ చేస్తారు. నిజమైన పోలీసైతే ఆ ఐదు నిమిషాలు ఆగుతాడు, కోప్పడడు. అలాగే వీడియో కాల్లో ఖాకీ చొక్కా వేసుకుని నిన్ను డిజిటల్ అరెస్ట్ చేశాం, రూంలోంచి కదలొద్దు, ఇంట్లో చెప్పొద్దు అంటే వెంటనే కట్ చేసి ఇంట్లో చెప్పండి. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. అమ్మకి చెప్పొద్దు అన్న మాట వినపడిందంటే అవతల ఉన్నది పోలీసు కాదు.

ఇన్స్టాలోనో గేమ్‌లోనో పరిచయమైనోళ్ళు ఫోటోలు అడిగితే కూడా ఇంతే. పంపేసి ఉంటే, ఇప్పుడు బెదిరిస్తుంటే, డిలీట్ చేసేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి, మాకు కావాల్సింది అవే. ఇంట్లో తిడతారని భయమా? ఒకసారి తిడతారు, అయిపోతుంది. బెదిరించేవాడు ఆగడు.

ఇంతా చెప్పి మా వాళ్ళ సంగతి చెప్పకపోతే న్యాయం కాదు. అందరూ ఒకలా ఉండరు, కసురుకునేవాళ్ళున్నారు, రేపు రా అని తిప్పేవాళ్ళున్నారు, జనానికి మా మీద నమ్మకం తక్కువుందంటే దానికి కారణాలు మా వైపే ఎక్కువున్నాయి, ఆ నమ్మకం మేమే సంపాదించుకోవాలి. ఎవరైనా పోలీసు మిమ్మల్ని కొట్టినా, బూతులు తిట్టినా, ఫిర్యాదు తీసుకోకపోయినా ఎస్పీ ఆఫీసులో గానీ కమిషనరేట్‌లో గానీ చెప్పొచ్చు, రాష్ట్రంలో బాలల హక్కుల కమిషన్ ఉంది, అక్కడికి ఉత్తరం రాసినా తీసుకుంటారు. మంచి మార్పు కూడా చూశాను. కేరళలో 2010లో స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ అని మొదలెట్టారు, 2018లో దేశమంతా తెచ్చారు, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలు స్టేషన్‌కొచ్చి ఎఫ్ఐఆర్ ఎలా రాస్తారో, వైర్‌లెస్ సెట్లో ఎలా మాట్లాడతారో చూస్తారు. ఒకమ్మాయి వచ్చిన రోజు గుమ్మం దాటడానికే జంకింది, వెళ్ళేటప్పుడు స్టేషన్లో రాతపని చూసే మా రైటర్ గారిని, సార్ ఇంత రాస్తే మీకు చెయ్యి నొప్పెయ్యదా అని అడిగింది. ఆయన నవ్వి వేళ్ళు చూపించాడు, కాయలు కాసిన వేళ్ళు. ఆ తర్వాత రోడ్డు మీద ఎక్కడ కనపడినా ఆ పిల్ల ఆయనకి చెయ్యి ఊపేది. మీ బడిలో ఆ క్యాడెట్ ప్రోగ్రాం ఉంటే చేరండి, లేకపోతే హెడ్మాస్టర్ గారిని అడగండి.

బడి మొదలైన మొదటి వారంలో నాన్ననో అమ్మనో తీసుకుని మీ దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి ఒకసారి వెళ్ళి రండి, ఏ గొడవా లేకుండా ఊరికే. లోపలికెళ్ళి, ఇక్కడ పిల్లల కోసం ఉన్న ఆఫీసర్ ఎవరండీ అని అడగండి. పేరు రాసుకోండి, సరిగ్గా మాట్లాడారో లేదో చూడండి. అది నాకు ఫోన్ చేసి చెప్పండి, సరిగ్గా మాట్లాడకపోతే ముందు నాకే చెప్పండి, నేను కనుక్కుంటాను.

మీ అమ్మమ్మ