తిమ్మిరి ఎక్కే ఐదు నిమిషాలు

మిర్చి సీజన్. ఎనుమాముల మార్కెట్‌లో బస్తాలు అమ్ముకుని నేరుగా హనుమకొండలో మా క్లినిక్‌కి వచ్చాడొక పెద్దాయన. కింది దవడ పన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదట. పరకాల బస్సు అందుకోవాలి, తొందరగా పీకెయ్యమన్నాడు. సూది వేసి, మూడు నిమిషాలకే పటకారు అందుకున్నాను. "నొస్తాంది సారూ, ఆగుండ్రి!" బయట బెంచీ మీద ఇంకో నలుగురున్నారు. మళ్లీ సూది, మళ్లీ ఎదురుచూపు. చివరికి పన్ను వచ్చింది. ఆయన దూది కరుచుకునే, పళ్ల సందునుంచి అన్నాడు: "పీకేటప్పుడు మీ మూతికున్న గుడ్డ ఊగుతలేదు సారూ. మీకూ భయమైందా?"

నిజమే. నేను ఊపిరి బిగబట్టాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు ఎవరైనా చేసే పనే అది. మేం రోజుకు ఎన్నిసార్లు చేస్తామో లెక్కే లేదు.

పళ్ల డాక్టర్ల ఒత్తిడికి యోగా చెయ్యండి, సెలవు పెట్టి ఎటైనా వెళ్లిరండి అని సలహా ఇచ్చేవాళ్లంటే నాకు కొంచెం చిరాకు. అవి చెడ్డవని కాదు. మా టెన్షన్ పుట్టేది కుర్చీ పక్కన, సూది వేశాక పన్ను కదిలేలోపు.

ఆ సూది ఎందుకు పట్టలేదో చూడండి. సూదిలోని తిమ్మిరి మందు లిగ్నోకైన్. దాని అణువులు ఒంట్లోకి వెళ్లాక రెండు రకాలుగా ఉంటాయి: విద్యుదావేశం ఉన్నవి, లేనివి. నరం చుట్టూ ఉన్న కొవ్వు పొరను దాటి లోపలికి పోగలిగేవి ఆవేశం లేనివే. మామూలు కణజాలంలో ఇవి దాదాపు నాలుగో వంతు ఉంటాయి. చీము పట్టిన చోట ఆమ్లత ఎక్కువ కాబట్టి ఆ నాలుగో వంతు కూడా బాగా తగ్గిపోతుంది. కింది దవడకైతే సూది పంటికి దూరంగా, దవడ వెనకాల వేస్తాం. అక్కడ చీము ఉండదు, అయినా ఒక్కోసారి పట్టదు. వాచిన పంటి నరం అప్పటికే రెచ్చిపోయి ఉంటుంది, చిన్న తాకిడికే కేక పెడుతుంది. అంటే సూది పట్టకపోతే ప్రతిసారీ డాక్టరు చేతకానితనం అనుకోనక్కర్లేదు. ఇది తెలిసి కూడా, పేషెంట్ మూలగగానే నా చెవులు వేడెక్కుతాయి.

ఇక్కడో తమాషా ఉంది. మేం ఎక్కువగా వాడే మందులో 80,000 పాళ్లకు ఒక పాలు అడ్రినలిన్ కలిపి ఉంటుంది. రక్తనాళాలను బిగించి మందును అక్కడే కాసేపు ఆపడానికి. భయపడ్డ పేషెంట్ ఒంట్లోనూ అదే ఊరుతుంది, తొందరపడుతున్న డాక్టరు ఒంట్లోనూ అదే. అది పెరిగితే గుండె దడదడలాడుతుంది, వేళ్లు సన్నగా వణుకుతాయి. వణకకూడని పని మాది.

రోజంతా వంగి పనిచేసే మా మెడ సంగతి వేరే. తల బరువు దాదాపు 5 కిలోలు. 60 డిగ్రీలు వంచితే మెడ మీద పడే భారం 27 కిలోల దాకా ఉంటుందని 2014లో వచ్చిన ఒక లెక్క. పైగా కదలకుండా బిగుసుకున్న కండరం తన రక్తనాళాలను తానే నొక్కేసుకుంటుంది. అందుకే సాయంత్రానికి భుజాలు రాళ్లవుతాయి. పేషెంట్ నోరు నా మోచేతి ఎత్తుకు వచ్చేలా కుర్చీ సర్దుకుంటే సగం బాధ తగ్గింది. ఫీజు బేరాలకూ ఈఎంఐలకూ మాత్రం నా దగ్గర మందు లేదు.

ఆ పెద్దాయన వెళ్లాక ఒకటి మార్చుకున్నాను. సూది వేశాక అయిదు నిమిషాలు పక్క కుర్చీకి పరుగెత్తను. ముందే చెబుతాను: "ఒక్కోసారి పట్టదు, రెండో సూది పడుద్ది. నొప్పైతే ఎడమ చెయ్యి ఎత్తండి, ఆపేస్తా." ఆపే అధికారం తన చేతిలో ఉందని తెలిస్తే మనిషి సగం తేలికవుతాడు, వాళ్లతోపాటు నేనూ. మిగిలిన సమయంలో మెడ నిలబెట్టి, ఊపిరి నిదానంగా వదులుతాను. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నరం గుండె వేగాన్ని కాస్త తగ్గిస్తుంది. వదలడం ఎంత నిదానమైతే అంత మేలు.

పని మొదలయ్యాక మాత్రం మళ్లీ మరిచిపోతాను. నా మాస్క్ ఊగడం ఆగితే చెప్పమని అసిస్టెంట్ అమ్మాయికి అప్పగించాను. "సార్, ఊపిరి" అంటుంది. కుర్చీలో ఉన్నవాళ్లు తమకే చెప్పిందనుకుని గట్టిగా పీల్చుకుంటారు.