గాలిని ఎవరు తిప్పాలి: టర్బో, సూపర్‌చార్జర్‌ల నూరేళ్ల పోటీ

2024 జులైలో షెవర్లే కొత్త కార్వెట్ జెడ్ఆర్1ను బయటపెట్టింది. 5.5 లీటర్ల వీ8 ఇంజిన్, 1,064 హార్స్‌పవర్, రెండు టర్బోలు. దానికి ముందు వచ్చిన రెండు తరాల జెడ్ఆర్1లలోనూ సూపర్‌చార్జరే ఉండేది. 2009 మోడల్‌కు 638, 2019 మోడల్‌కు 755 హార్స్‌పవర్ దాని పుణ్యమే. పెద్ద వీ8 మీద సూపర్‌చార్జర్ పెట్టడం అమెరికన్లకు ఎంతో ఇష్టమైన పద్ధతి. అక్కడి అందరికీ తెలిసిన స్పోర్ట్స్ కారే టర్బో వైపు వెళ్లిపోయింది.

స్పోర్ట్స్ కారుకు ఈ రెండింట్లో ఏది మేలన్న ప్రశ్నకు జవాబు ఇవాళ ఇలా ఒక వైపు మొగ్గి ఉంది కానీ, ఎప్పుడూ ఇలాగే లేదు. ఒకప్పుడు టర్బో అన్న మాట రేసు కార్ల దగ్గర వినిపించేదే కాదు. ఏది గొప్పదన్న వాదనతో ఇది తేలలేదు. లోహం ఎంత వేడికి తట్టుకుంటుంది, రేసు నిబంధనలు ఏం అనుమతిస్తున్నాయి, పెట్రోలు ఎంత ఖరీదైంది అన్న మూడు సంగతులే ప్రతిసారీ తేల్చాయి.

రెండూ చేసే పని ఒకటే. ఇంజిన్ తనంతట తాను పీల్చుకునే దానికన్నా ఎక్కువ గాలిని సిలిండర్లలోకి కుక్కుతాయి. గాలి ఎక్కువైతే ఎక్కువ పెట్రోలు కాల్చవచ్చు, శక్తి పెరుగుతుంది. తేడా అంతా ఆ పంపును ఏది తిప్పుతుందన్న దగ్గరే. సూపర్‌చార్జర్‌ను ఇంజినే బెల్టుతోనో గేర్లతోనో తిప్పుతుంది. అందుకే యాక్సిలరేటర్ తొక్కగానే బండి లాగుతుంది. కానీ ఇంజిన్ తన శక్తిలో కొంత దానికే పెట్టాలి. 707 హార్స్‌పవర్ ఇచ్చే డాడ్జ్ హెల్‌క్యాట్‌లో ఫుల్ స్పీడు మీద సూపర్‌చార్జర్ తిరగడానికే 80 హార్స్‌పవర్ దాకా పోతుంది. అంటే ఒక మామూలు హ్యాచ్‌బ్యాక్ మొత్తం శక్తి! టర్బోను తిప్పేది సైలెన్సర్ వైపు వెళ్లే పొగ. పెట్రోలులోని శక్తిలో దాదాపు మూడో వంతు ఆ పొగతోపాటే బయటికి పోతుంది కాబట్టి, పోయేదాన్ని పనికి పెట్టుకున్నట్టు. ఇక్కడ ఇబ్బంది ఏమిటంటే, పొగ పెరిగితే గానీ టర్బో వేగం అందుకోదు, అది వేగం అందుకుంటే గానీ పొగ పెరగదు. తొక్కిన తర్వాత బండి అందుకోవడానికి పట్టే ఆ కాసేపటినే టర్బో ల్యాగ్ అంటారు.

సూపర్‌చార్జర్ వంశవృక్షం కారు కన్నా పాతది. అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కానర్స్‌విల్‌లో రూట్స్ సోదరులు 1860లో ఒక బ్లోయర్‌కు పేటెంట్ తీసుకున్నారు. ఒకదానిలో ఒకటి ఇమిడి తిరిగే రెండు రోటర్లు గాలిని ముందుకు నెట్టే యంత్రం అది. ఇనుము కరిగించే కొలిముల్లోకి గాలి ఊదడానికి దాన్ని వాడేవాళ్లు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే ఆలోచనకు గాట్లీబ్ డైమ్లర్ 1885లోనే పేటెంట్ తీసుకున్నాడు. టర్బో ఆలోచనా కొత్తదేం కాదు. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లో దానికి పేటెంట్ పొందాడు. కానీ ఎర్రగా కాలే పొగలో, విపరీతమైన వేగంతో తిరుగుతూ వంగకుండా నిలిచే లోహం ఆనాడు లేదు. బ్యూకీ డీజిల్ ఇంజిన్ మీద తన పద్ధతిని పనిచేయించి, శక్తిని 40 శాతం దాకా పెంచి చూపించేసరికి 1925 వచ్చింది. ఆ తర్వాతా టర్బో చాలాకాలం ఓడలకూ పెద్ద డీజిల్ ఇంజిన్లకే పరిమితమైంది.

మధ్యలో విమానాలు దాన్ని పట్టుకున్నాయి. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడి ఇంజిన్ నీరసిస్తుంది. 1918లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజనీరు శాన్‌ఫర్డ్ మాస్, లిబర్టీ విమాన ఇంజిన్‌ను ట్రక్కు మీద కొలరాడోలోని పైక్స్ పీక్ కొండపైకి, 14,000 అడుగుల ఎత్తుకు తీసుకెళ్లి నడిపించాడు. నేల మీద 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 230కి పడిపోయింది. టర్బో బిగిస్తే 356 ఇచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా వాళ్ల బీ-17 బాంబర్లు, పీ-47 ఫైటర్లు టర్బోతో ఎగిరితే, బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌లోని మెర్లిన్ ఇంజిన్ గేర్లతో తిరిగే సూపర్‌చార్జర్‌ను నమ్ముకుంది. వేడిని తట్టుకునే లోహాల గురించి ఆ యుద్ధం నేర్పిన పాఠాలే తర్వాత కార్ల టర్బోలకు పనికొచ్చాయి.

కార్లలో మాత్రం మొదటి ముప్పై ఏళ్లూ సూపర్‌చార్జర్‌దే రాజ్యం. 1921లో బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌చార్జర్ ఉన్న కార్లను జనానికి చూపించింది. వాటిలో బ్లోయర్ ఎప్పుడూ తిరుగుతూ ఉండదు. యాక్సిలరేటర్‌ను చివరిదాకా నొక్కితేనే క్లచ్ పట్టుకుని, చెవులు గింగురుమనే కేకతో గాలి ఊదడం మొదలుపెడుతుంది. 1923లో ఇటలీలోని మోంజాలో ఫియట్ 805 గెలిచింది. సూపర్‌చార్జర్ ఉన్న కారు గ్రాండ్‌ప్రి గెలవడం అదే మొదలు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది బ్లోయర్ బెంట్లీ కథ. రేసర్ టిమ్ బిర్కిన్‌కు నాలుగున్నర లీటర్ల బెంట్లీ వేగం సరిపోలేదు. ఆమ్‌హర్స్ట్ విలియర్స్ తయారుచేసిన రూట్స్ రకం బ్లోయర్‌ను దానికి బిగించాలన్నాడు. కంపెనీ పెట్టిన డబ్ల్యూ.ఓ. బెంట్లీకి అది బొత్తిగా ఇష్టం లేదు. శక్తి కావాలంటే ఇంజిన్‌ను పెద్దది చేయాలి గానీ గాలి కుక్కితే దాని స్వభావం చెడిపోతుందని ఆయన నమ్మకం. బిర్కిన్ ఆగలేదు. డొరతీ పాజెట్ అనే సంపన్నురాలు డబ్బు పెట్టింది. రేడియేటర్ ముందు, చక్రాల మధ్య, క్రాంక్‌షాఫ్ట్ కొసకు ఆ బ్లోయర్‌ను తగిలించారు. ఇవాళ్టికీ ఫొటోలో ఆ కారును గుర్తుపట్టేది ముందుకు పొడుచుకొచ్చిన ఆ డబ్బాతోనే. రేసు కార్లకు 240 హార్స్‌పవర్ దాకా వచ్చింది. వేగంలో తిరుగులేదు, మన్నికే లేదు. 1930లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్ 24 గంటల రేసును బ్లోయర్లు పూర్తి చేయలేకపోయాయి. గెలిచింది బ్లోయర్ లేని ఆరున్నర లీటర్ల బెంట్లీ స్పీడ్ సిక్స్. అదే ఏడాది పౌ పట్టణంలో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్‌ప్రిలో మాత్రం బిర్కిన్ బ్లోయర్‌తో రెండో స్థానంలో వచ్చాడు. నా మటుకు నేను ఈ తగవులో ఇద్దరిదీ ఒప్పే అంటాను. కొద్దిసేపు మెరుపులా దూసుకుపోవాలంటే బిర్కిన్ దారి, 24 గంటలు నిలబడాలంటే డబ్ల్యూ.ఓ. దారి.

1950లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ మొదలైనప్పుడు నిబంధనలు రెండు దారులిచ్చాయి: సూపర్‌చార్జర్ ఉంటే ఒకటిన్నర లీటర్లు, లేకపోతే నాలుగున్నర. మొదట్లో సూపర్‌చార్జర్ ఉన్న ఆల్ఫా రోమియోలే గెలిచాయి. అయితే 1951 నాటి ఆల్ఫా 159 లీటరుకు ఒక కిలోమీటరు కూడా ఇచ్చేది కాదు. ఇంధనం కోసం పదే పదే పిట్‌లో ఆగాలి. ఆ జులైలో సిల్వర్‌స్టోన్‌లో ఫెరారీ నాలుగున్నర లీటర్ల మామూలు ఇంజిన్‌తో డ్రైవరు గొంజాలెజ్ దాన్ని ఓడించాడు. తాగుబోతు ఇంజిన్‌కు కాలం చెల్లడం అక్కడ మొదలైంది.

టర్బో షోరూమ్‌లోకి వచ్చింది 1962లో, అమెరికాలో. షెవర్లే కార్వైర్, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కొద్ది వారాల తేడాతో వచ్చాయి. జెట్‌ఫైర్ 215 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌తో 215 హార్స్‌పవర్ ఇచ్చేది, ఆ రోజులకు గొప్పే. కానీ కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క, 10.25. దాని మీద టర్బో కూడా కూర్చుంటే గాలి వేడెక్కి పెట్రోలు ముందే అంటుకుంటుంది, మన మెకానిక్‌లు నాకింగ్ అనేది అదే. దాన్ని ఆపడానికి డిస్టిల్డ్ వాటర్, మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇంజిన్‌లోకి చల్లే ఏర్పాటు చేశారు. దానికి వేరే ట్యాంకు. పేరు టర్బో రాకెట్ ఫ్లూయిడ్. ట్యాంకు ఖాళీ అయితే కారు తనంతట తానే బూస్ట్‌ను, అంటే టర్బో కుక్కే గాలి ఒత్తిడిని, తగ్గించుకునేది. చాలామంది యజమానులు దాన్ని నింపనే లేదు. పికప్ పోయిందని ఫిర్యాదులు. చివరికి డీలర్లు టర్బోనే పీకేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టిచ్చారు. రెండేళ్లలో మోడల్ ఆగిపోయింది. ఇంజనీరింగ్ తప్పని నేననుకోను. కారు కొన్నవాడు రోజూ చేయని పని మీద ఆధారపడటమే తప్పు.

యూరప్‌లో బీఎండబ్ల్యూ 2002 టర్బో 1973లో వచ్చి నేరుగా చమురు సంక్షోభంలో చిక్కుకుంది. 1,672 కార్లతోనే ముగిసింది. నిలబడింది పోర్షే. ఉత్తర అమెరికాలోని క్యాన్-యామ్ రేసుల్లో తన 917/30 రేసు కారుకు 1,100 హార్స్‌పవర్ తెప్పించిన అనుభవంతో, 1974 పారిస్ మోటార్ షోలో 911 టర్బోను తెచ్చింది. మూడు లీటర్లు, 260 హార్స్‌పవర్, నాలుగు గేర్లు. ఈ కారు టర్బోకు కీర్తినీ అపకీర్తినీ ఒకేసారి తెచ్చిపెట్టింది. ఇంజిన్ వెనక చక్రాల అవతల ఉంటుంది. మలుపులో డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు, ఏమీ జరగదు, ఇంకా తొక్కుతాడు. కారు మలుపు మధ్యలోకి వచ్చాక బూస్ట్ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. భయపడి కాలు తీస్తే బరువు ముందుకు పోయి, వెనక భాగం పట్టు తప్పి తిరిగిపోతుంది. దానికి విడోమేకర్ అన్న పేరు ఊరికే రాలేదు. సూపర్‌చార్జర్ ఉన్న కారులో ఈ ప్రమాదం ఇలా రాదు, ఎందుకంటే శక్తి కాలితోపాటే పెరుగుతుంది, కాలితోపాటే తగ్గుతుంది.

టర్బోను మచ్చిక చేసింది స్వీడన్ కంపెనీ సాబ్. 1977లో చూపించిన 99 టర్బోలో గరిష్ఠ వేగం మీద దృష్టి పెట్టకుండా, రోజూ నడిపే మధ్య వేగాల్లో బండి బాగా లాగేలా టర్బోను చిన్నది చేసింది. ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ పెట్టింది. అదే ఏడాది రెనో ఫార్ములా వన్‌లోకి టర్బో తెచ్చింది. పొగలు కక్కుతూ ఆగిపోతుంటే నవ్వినవాళ్లే, 1979లో దిజోన్‌లో అది గెలిచాక టర్బో ఇంజిన్లు వెతుక్కున్నారు. శక్తి మరీ మితిమీరడంతో 1988 తర్వాత ఫార్ములా వన్ టర్బోను నిషేధించింది. 2014లో హైబ్రిడ్‌తో కలిపి మళ్లీ తెచ్చింది. ఈలోగా ర్యాలీల్లో లాన్సియా డెల్టా ఎస్4, కింది వేగాలకు సూపర్‌చార్జర్, పై వేగాలకు టర్బో రెండూ ఒకే ఇంజిన్‌కు బిగించింది. ఇరవై ఏళ్ల తర్వాత ఫోక్స్‌వ్యాగన్ 1.4 టీఎస్ఐలో అదే పని చేసింది. పనిచేసింది గానీ బరువు, ఖర్చు, పైపుల చిక్కుముడి పెరిగాయి.

సూపర్‌చార్జర్‌కు 1990లలో రెండో యవ్వనం వచ్చింది. హైదరాబాద్ రోడ్ల మీద పాత మెర్సిడెస్ సీ-క్లాస్ వెనక 'కొంప్రెస్సర్' (జర్మన్‌లో సూపర్‌చార్జర్) అని రాసి కనిపించేది ఆ కాలపు గుర్తే. దాన్ని దెబ్బతీసింది కొత్త టర్బో ఏదో కాదు, పొగ లెక్కలు. 2009లో యూరప్ చట్టం కార్ల సగటు కార్బన్ డయాక్సైడ్‌ను కిలోమీటరుకు 130 గ్రాములకు దింపాలంది. పరీక్షలో మెల్లగా నడిపితే చిన్న టర్బో ఇంజిన్ తక్కువ తాగుతుంది. ఇంజిన్ శక్తి తినే సూపర్‌చార్జర్‌కు అక్కడ మార్కులు రావు. అప్పటికే ల్యాగ్ కూడా చాలావరకు తగ్గింది. 2006లో బీఎండబ్ల్యూ ఒక పెద్ద టర్బో బదులు రెండు చిన్నవి పెట్టింది. అదే ఏడాది పోర్షే, పొగ దారిని కదిలే రేకులతో మార్చే టర్బోను తన పెట్రోలు కారులోకి తెచ్చింది. డీజిల్‌లో అది ముందే ఉన్నా, పెట్రోలు పొగ వేడికి తట్టుకునే రేకులు చేయడం కష్టం. మన దేశంలో దారి వేరు, గమ్యం అదే. నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోలు కార్లకు 2006 బడ్జెట్ నుంచి పన్ను తక్కువ. ఆ హద్దులో శక్తి కావాలంటే టర్బోనే దిక్కు. టాటా నెక్సాన్‌లో ఉన్నది 1,199 సీసీ టర్బో పెట్రోలు కావడం వెనక కారణం అదే.

ఇప్పుడు ఎలక్ట్రిక్ మోటారుతో టర్బోను ముందే తిప్పేస్తున్నారు. మెర్సిడెస్ వాళ్ల స్పోర్ట్స్ విభాగం ఏఎంజీ 2022లో, పోర్షే 2024 నాటి 911 జీటీఎస్‌లో ఆ పని చేశాయి. ఇంజిన్ పొగ కోసం ఎదురుచూడాల్సిన అవసరం దాదాపు పోయింది. ఇంత జరిగినా 2021లో వచ్చిన లోటస్ ఎమీరా, టయోటా వీ6 మీద సూపర్‌చార్జర్‌తోనూ, ఏఎంజీ టర్బోతోనూ దొరికింది. మొదటిదానికే చేత్తో వేసే గేర్‌బాక్స్ ఇచ్చారు. కాలికీ ఇంజిన్‌కూ మధ్య ఆలస్యం లేకుండా నడపాలనుకునే వాళ్ల కోసమే అది, నేనైతే అదే ఎంచుకుంటాను.

ఉన్న కారుకు తర్వాత బిగించుకోవాలనుకునే వాళ్లకు జెట్‌ఫైర్ చెప్పిన సంగతే మొదటిది: కంప్రెషన్ 10, 11 దాటిన ఇంజిన్‌కు ఏది పెట్టినా బూస్ట్ తక్కువలోనే ఉంచాలి, ఇంధనం ట్యూనింగ్ మళ్లీ చేయించాలి. టర్బో అయితే ఎగ్జాస్ట్ పైపులు మార్చాలి, బానెట్ కింద వేడి పెరగకుండా చూసుకోవాలి, దాని బేరింగ్‌లకు ఆయిల్ లైను వేయాలి. సూపర్‌చార్జర్‌కు బెల్టు పట్టే చోటు, ఆ భారం మోసే పుల్లీ ఉంటే పని తేలిక. మన దేశంలో ఇంకో గడప ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా ఆర్‌సీలోని వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కిట్ ఆర్డర్ పెట్టే ముందే ఈ సంగతి ఆర్‌టీవో ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.