బోర్డు మీద నాలుగు గీతలు

ఒకటో తరగతి గది. ఒకడు పక్కవాడి పెన్సిల్ అడిగాడు, వాడు ఇవ్వనన్నాడు. వీడు వాడి చెయ్యి మెలిపెట్టాడు, పెన్సిల్ చేతికొచ్చింది. వెనక బెంచీలో ఇద్దరు కిసుక్కున నవ్వారు. టీచర్ ఇటు తిరిగి గట్టిగా అరిచింది. అంతా కలిపి అర నిమిషం. ఆ అర నిమిషంలో వాడికి మూడు లాభాలు: పెన్సిల్, నవ్వు, క్లాసంతా ఉండగా టీచర్ తననొక్కడినే చూడటం. మూడోది లాభమా అని మనకి అనిపిస్తుంది. ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేని పిల్లాడికి అరుపు కూడా పలకరింపే.

అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఈ లెక్కని ఇళ్లలోనే పట్టుకున్నారు. ఆయన బృందం మనుషులు వెళ్లి కూర్చుని, తల్లీ పిల్లల మధ్య జరిగేదంతా క్షణక్షణం రాసుకునేవాళ్లు. అమ్మ ఏదో పని చెబుతుంది, పిల్లాడు మొండికేస్తాడు, ఆమె గొంతు పెంచుతుంది, వాడు ఇంకా పెంచుతాడు. చివరికి విసిగిపోయి ఆమె వదిలేస్తుంది. ఇల్లు నిశ్శబ్దమవుతుంది కాబట్టి ఆమెకి అదే హాయి, పని తప్పింది కాబట్టి వాడికీ హాయే. ఇలా రోజుకి పదిసార్లు జరిగితే పెంకితనం ఎంత పనిచేస్తుందో వాడికి బాగా తెలిసిపోతుంది. ఆ తెలివితోనే బడికి వస్తాడు.

పిల్లలు కొట్టడం ఎక్కడో నేర్చుకుంటారని మనం అనుకుంటాం. టీవీ అంటాం, ఫోన్ అంటాం, చెడు సావాసం అంటాం. కెనడాలోని మాంట్రియల్‌లో వందల మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంబడించి చూసిన పరిశోధకుడు రిచర్డ్ ట్రెంబ్లే మాట వేరు. మనిషి జీవితంలో చెయ్యి చేసుకోవడం అన్నిటికంటే ఎక్కువగా ఉండేది రెండు మూడేళ్ల వయసులో. కొరకడం, తన్నడం, జుట్టు పీకడం ఆ వయసులో ఎవరూ నేర్పకుండానే వస్తాయి. తర్వాత చాలామంది మానేస్తారు. నేర్చుకునేది మానడాన్నే. కొందరికి ఆ పాఠం అందకుండానే అయిదేళ్లు నిండిపోతాయి.

మరి ఆ కొందరు ఒకే తరగతిలో పోగుపడితే?

ఈ ప్రశ్న షెపర్డ్ కెలమ్ అనే మానసిక వైద్యుణ్ణి చాలాకాలం వెంటాడింది. 1960లలో ఆయన షికాగోలోని వుడ్‌లాన్ అనే పేద నల్లజాతి పేటలో పనిచేశారు. అక్కడ ఒకటో తరగతి పిల్లలందరినీ, వెయ్యిమందికి పైగా, పరిశీలించి పెద్దయ్యేదాకా వాళ్ల జాడ పట్టారు. ఒకటో తరగతిలో దుడుకుగా ఉన్న మగపిల్లలు పదేళ్ల తర్వాత మత్తు పదార్థాల వైపు ఎక్కువగా వెళ్లారని తేలింది. ఆరేళ్ల వాడి దుడుకుతనం చూసి ముందు సంగతి ఊహించొచ్చంటే భయం వేస్తుంది. ఆ వయసులోనే ఏదైనా చేయొచ్చు కదా అన్న ఆశ కూడా అందులోనే ఉంది.

ఏం చేయాలో అప్పటికే ఒకచోట దొరికింది. 1969లో అచ్చయిన ఒక ప్రయోగం అది. కాన్సాస్ రాష్ట్రంలోని బాల్డ్‌విన్ సిటీ అనే చిన్న ఊళ్లో నాలుగో తరగతి. పిల్లలు 24 మంది. వాళ్లలో ఏడుగురిని ప్రిన్సిపాల్ గదికి పంపీ పంపీ టీచర్ అలిసిపోయి ఉంది. ఆమె తరగతిని రెండు జట్లు చేసి ఆట మొదలుపెట్టింది. ఎవరైనా సీటు వదిలి లేచినా, అడగకుండా మాట్లాడినా వాళ్ల జట్టుకి బోర్డు మీద ఒక గీత. తక్కువ గీతలున్న జట్టుది గెలుపు. రెండు జట్లకీ తక్కువే ఉంటే ఇద్దరూ గెలిచినట్టే. గెలిచినవాళ్లకి ఒక బ్యాడ్జి, భోజనానికి ముందు లైను, సాయంత్రం అరగంట ఇష్టమైన పని. లెక్కల పీరియడ్‌లో అంతకుముందు గమనించిన సమయాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి చూస్తే 96 శాతం ముక్కల్లో ఎవరో ఒకరు మాట్లాడుతూ దొరికేవాళ్లు. ఆట మొదలయ్యాక అది 19కి పడిపోయింది. సీటు వదలడం 82 నుంచి 9కి దిగింది.

ఇది చదివినప్పుడు నాకు మా బడి గుర్తొచ్చింది. మాస్టారు బయటికి వెళ్తూ "లీడర్, మాట్లాడినవాళ్ల పేర్లు రాయి" అనేవారు. లీడర్‌కి పడనివాడి పేరు మొదట ఎక్కేది. వాడు "నేనెక్కడ మాట్లాడాన్రా?" అంటే, అదిగో మాట్లాడావు, పేరు పక్కన ఇంటూ 2. ఇంకా గొణిగితే ఇంటూ 3. మాస్టారు వచ్చాక ఇంటూ ఎంతుంటే అన్ని దెబ్బలు. మా క్లాసులో రోజూ పై వరసలో ఉండే పేరు ఒకటే. ఇంటూ పది దాటిన రోజు వాడు చొక్కా కాలర్ ఎగరేసుకుని నిలబడేవాడు. మేమంతా వాణ్ణి హీరోలా చూసేవాళ్లం.

సుద్దముక్క అక్కడా ఇక్కడా ఒకటే. కాన్సాస్ బోర్డు మీద మాత్రం పిల్లాడి పేరు లేదు, జట్టుకి గీత ఉంది. మాలో ఎవడైనా అల్లరి చేస్తే మిగతావాళ్లకి వినోదం. అక్కడ అదే అల్లరి మిగతావాళ్లకి నష్టం. నవ్వే ప్రేక్షకులు లేకపోతే నాటకం ఎంతసేపు నడుస్తుంది?

కెలమ్ ఈ ఆటని బాల్టిమోర్‌కి తీసుకెళ్లారు. 1985లో, నగరంలోని 19 ప్రభుత్వ పాఠశాలల్లో, ఒకటో తరగతిలో. ఏ పిల్లాడు ఏ సెక్షన్‌లోకి వెళ్లాలో, ఏ సెక్షన్‌లో ఆట ఉండాలో మనుషుల ఇష్టానికి వదల్లేదు. పిల్లల్ని సెక్షన్లకి సమంగా పంచి, ఆట ఎక్కడో చీటీలేసినట్టు తేల్చారు. ఒక్కో తరగతిలో మూడు జట్లు. దుడుకు పిల్లలు, బెరుకు పిల్లలు, ఆడపిల్లలు, మగపిల్లలు ప్రతి జట్టులోనూ కలిసి ఉండాలి. మొదట్లో వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు. ఎవరైనా కొట్టినా తోసినా టీచర్ గొంతు పెంచకుండా ఏం జరిగిందో చెప్పి గీత పెట్టి, మళ్లీ పాఠంలోకి వెళ్లిపోవాలి. నాలుగు గీతలు దాటకపోతే గెలుపు. అన్ని జట్లూ గెలవొచ్చు. మొదట స్టిక్కర్లు, రబ్బర్లు ఇచ్చేవాళ్లు, పోనుపోను కొంచెం ఎక్కువ ఇంటర్వెల్ లాంటివి చాలేవి. తర్వాత తర్వాత ఆట మొదలైందని ముందుగా చెప్పడం కూడా మానేశారు. ఎప్పుడు ఆటో తెలియనప్పుడు ఎప్పుడూ ఆటలో ఉన్నట్టే ఉండాలి మరి.

ఆ పిల్లలకి 19 నుంచి 21 ఏళ్లు వచ్చాక మళ్లీ వెతికి పట్టుకున్నారు. ఆట లేని తరగతుల్లో చదివిన మగపిల్లల్లో 38 శాతం మంది మత్తుమందుల వ్యసనంలో పడ్డారు, ఆట ఆడినవాళ్లలో 19 శాతం. ఒకటో తరగతిలో బాగా దుడుకుగా ఉన్నవాళ్లని మాత్రమే తీసుకుంటే తేడా ఇంకా పెద్దది: 83కి 29. ఈ చివరి గుంపు చిన్నది కాబట్టి అంకెల్ని మరీ గట్టిగా పట్టుకోకూడదు. ఆడపిల్లల్లో పెద్ద తేడా రాలేదు.

ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువ ఆపింది మరోటి. ఆట లేని తరగతుల్లో కొన్ని ప్రశాంతంగా ఉండేవి, కొన్ని సంతలా ఉండేవి. ఒకే తీరు దుడుకుతో బడికొచ్చిన ఇద్దరు పిల్లల్లో సంత లాంటి తరగతిలో పడినవాడు ఆరో తరగతికి వచ్చేసరికి చాలా ముదిరిపోయాడు. నెమ్మదైన తరగతిలో పడినవాడి దుడుకు చాలావరకు తగ్గింది. పిల్లల్ని సెక్షన్లకి సమంగా పంచారు కాబట్టి ఇంట్లో పెంపకం మీదకే మొత్తం తోసెయ్యడానికి వీల్లేదు. "వాడి బుద్ధే అంత" అని స్టాఫ్ రూములో తీర్పు చెప్పే ముందు ఈ ఒక్క ఫలితం తలుచుకోవాలి.

ఆట మంత్రమేమీ కాదు. బాల్టిమోర్‌లోనే మరుసటి ఏడాది అదే టీచర్లు కొత్త పిల్లలతో ఆడారు. ఈసారి శిక్షణ, వెన్నుదన్ను తగ్గాయి, ఫలితమూ పలచబడింది. ఇంగ్లండ్‌లో 77 ప్రాథమిక పాఠశాలల్లో చేసిన పెద్ద పరీక్ష 2018లో బయటికొచ్చింది. సగటున చదువులోనూ ప్రవర్తనలోనూ తేడా కనబడలేదు. ఆట తీసుకున్న బడుల్లో నాలుగో వంతు మధ్యలోనే ఆపేశాయి, మిగిలినవాళ్లూ అనుకున్నన్నిసార్లు ఆడలేదు. సిలబస్ అయిపోవాలన్న టెన్షన్ ఏ దేశంలోనైనా టెన్షనే.

ఆట అందరికీ పట్టదు కూడా. బాల్డ్‌విన్ సిటీలోనే ఇద్దరు పిల్లలు కావాలని గీతలు తెచ్చిపెట్టారు. ఒకడు నేనిక ఆడనని తెగేసి చెప్పాడు. వీళ్ల వల్ల మిగతావాళ్లు ఓడిపోవడం ఏం న్యాయమని, చివరికి ఒక్కొక్కరినీ విడి జట్టు చేయాల్సొచ్చింది. అలాంటివాళ్లకి బోర్డు మీద గీతలు సరిపోవు. ఇంటిదాకా వెళ్లాలి.

ట్రెంబ్లే మాంట్రియల్‌లో చేసింది అదే. పేద పేటల్లో కిండర్‌గార్టెన్‌లో గొడవపడే మగపిల్లల్లో కొందరికి ఏడేళ్ల నుంచి తొమ్మిదేళ్లదాకా రెండేళ్ల సాయం. ఇంట్లో తల్లిదండ్రులకి, బడిలో పిల్లలకి. ఆ సాయం అందినవాళ్లలో 46 శాతం హైస్కూలు పూర్తి చేశారు, అందనివాళ్లలో 32 శాతం. 24 ఏళ్లు వచ్చేసరికి నేర చరిత్ర ఉన్నవాళ్లు 22 శాతం, అటువైపు 33.

బడిలో ఇచ్చిన శిక్షణలో వాళ్లొక చిన్న జాగ్రత్త తీసుకున్నారు. గొడవపడే పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టలేదు. అలాంటి ఒకరిద్దరిని అంతకంటే ఎక్కువమంది నెమ్మదైన పిల్లల మధ్య కూర్చోబెట్టి, అడిగి తీసుకోవడం, కోపం వస్తే ఆగడం, తమ వంతు కోసం కాచుకోవడం నేర్పారు. ఒరెగాన్‌లో టామ్ డిషన్ అనే పరిశోధకుడు టీనేజీ పిల్లలతో దీనికి ఎదురు పని చేసి చూశారు. అల్లరివాళ్లందరినీ ఒక గుంపు చేసి బుద్ధులు నేర్పబోతే ఆ గుంపులోనే సిగరెట్లు, ఆగడాలు పెరిగాయి. ఒకడు గొప్ప చెబితే పక్కవాడు నవ్వేవాడు మరి.

మా క్లాసులో ఆ హీరోని మాస్టారు ఏడాదంతా చివరి బెంచీలోనే కూర్చోబెట్టారు. వాడి పక్కన ఇంటూ 8, ఇంటూ 6.