తెల్లబడింది కదా అని ఫర్నేసు ఆపకండి

లాంథనం అనే అరుదైన మృత్తిక లోహపు ఆక్సలేటును 600 డిగ్రీల దగ్గర గంటసేపు కాలిస్తే తెల్లటి పొడి మిగిలింది, ఇది ఆక్సైడే కదా అని ఒక పాఠకుడి ప్రశ్న. కాదు. ఈ పనిలో కన్నును నమ్మకూడదు, త్రాసును నమ్మాలి. ఆక్సలేటూ తెలుపే, మధ్యలో వచ్చేదీ తెలుపే, ఆక్సైడూ తెలుపే.

పది నీటి అణువులున్న ఆక్సలేటును 1000 మిల్లీగ్రాములు మూసలో వేసి వేడిచేయండి. ముందు నీరంతా పోయి 750 మిగులుతుంది. 400 డిగ్రీలు దాటాక ఆక్సలేటు విరిగి కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోతాయి. (మోనాక్సైడ్ విషవాయువు, వాయువుల్ని బయటికి లాగే ఫ్యూమ్‌హుడ్ తప్పనిసరి.) బరువు 512 దగ్గర నిలబడుతుంది. పాఠకుడు ఆగింది ఇక్కడే. చేతిలో ఉన్నది డయాక్సీకార్బొనేటు. ఇంకా ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు దాన్ని పట్టుకునే ఉంది. 700–800 డిగ్రీల మధ్య అదీ పోతేనే 451 మిల్లీగ్రాములు, అసలైన ఆక్సైడు.

సున్నపు బట్టీ గుర్తు తెచ్చుకోండి. సరిగా కాలని సున్నపురాయి లోపల రాయిగానే ఉండిపోతుంది. లాంథనం అయాను పెద్దది, దాని ఆక్సైడుకు క్షారగుణం ఎక్కువ, అందుకే సున్నంలాగే కార్బన్ డయాక్సైడును ఓ పట్టాన వదలదు. అదే లాంథనానికి తోటి లోహమైన సీరియం ఆక్సలేటైతే గాలిలో సీరియం నాలుగో ఆక్సీకరణ స్థితికి చేరి, ఈ మజిలీ లేకుండా 400 డిగ్రీల లోపే లేత పసుపు ఆక్సైడైపోతుంది. భీమునిపట్నం ఇసుకలోని మోనజైట్ ఖనిజంలో ఈ రెండూ కలిసే ఉంటాయి, కాలేటప్పుడు మాత్రం ఎవరి దారి వారిది.

సున్నంతో పోలిక ఇంకా ఉంది. కాల్చిన సున్నంలాగే లాంథనం ఆక్సైడు కూడా తేమ తాగి ఉబ్బుతుంది. 451 మిల్లీగ్రాములు పూర్తిగా హైడ్రాక్సైడైతే 526. అంటే సీసాలో నిలవున్న ఆక్సైడును తూచి వాడితే, మీరు అనుకున్నదానికన్నా 14 శాతం దాకా తక్కువ లాంథనం పడొచ్చు. ఆ 451 నుంచి 526కి ఎక్కే దారిలో డయాక్సీకార్బొనేటు బరువైన 512 కూడా తగులుతుంది. కాబట్టి చల్లారి గాలి సోకిన పొడిని ఒక్కసారి తూచి తేల్చేయడం కుదరదు.

పొడిని మూసలో పలచగా పరచండి. మందంగా ఉంటే, గాలి చాలక, మోనాక్సైడ్ నుంచి విడిపడిన బొగ్గు ఆ తెల్లటి పొడిని బూడిదరంగు చేస్తుంది. మొదట్లో నిమిషానికి 5 డిగ్రీలు మించనివ్వకండి, నీరు ఒక్కసారిగా ఆవిరైతే పొడి చిమ్ముతుంది. 900 దగ్గర రెండు గంటలు ఉంచి, తేమ సోకనివ్వని డెసికేటర్‌లో చల్లార్చి, వెంటనే తూచండి. మళ్ళీ అరగంట కాల్చి తూచండి. రెండు బరువులూ ఒకటయ్యేదాకా ఫర్నేసు ఆపకండి.