వాల్‌ఐ చేపకు ఏ ఎర? బెయిట్ షాపులో రోజూ వినే అపోహలు - వాస్తవాలు

వాల్‌ఐ ఉత్తర అమెరికా మంచినీటి చేప. అమెరికాలోని మిన్నెసోటాలో దాన్ని పట్టే సీజన్ మే నెలలో మొదలవుతుంది. ఆ ముందు వారం మా బెయిట్ షాపులో, అంటే ఎరలమ్మే కొట్లో, ఊపిరాడదు. రిటైరయ్యాక వారానికి మూడు రోజులు ఆ కౌంటర్ దగ్గర ఉంటున్నాను. పుట్టింది కొల్లేరు పక్కన. చిన్న కప్పను గుచ్చి కొర్రమీనుకు గాలం వేసిన చెయ్యి ఇది. ఆ ధీమాతోనే ఇక్కడ మొదటి రెండేళ్లూ ఖాళీ సంచితో ఇంటికెళ్లాను. ఇప్పుడు మన తెలుగు పిల్లలు కూడా లైసెన్సులు తీసుకుని షాపుకొస్తున్నారు. వాళ్లు అడిగేవి కొన్ని, ఒకప్పుడు నేనే నమ్మినవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: "అంకుల్, ఏ రంగుకి పడుతుందో చెప్పండి చాలు."

వాస్తవం: నా లెక్కలో రంగు నాలుగోది. ముందు లోతు, తర్వాత వేగం, ఆ తర్వాత ఎర సైజు. చేప 20 అడుగుల్లో నేలకు అంటుకుని ఉంటే, మీ ఎర 8 అడుగుల్లో పోతుంటే, అది ఏ రంగైతే ఏంటి? అందుకే ముందు జిగ్ బరువు చూసుకోవాలి. జిగ్ అంటే తలకు సీసపు గుండు పోసిన గాలం. ప్రతి 10 అడుగుల లోతుకూ 1/8 ఔన్సు అనేది ఇక్కడివాళ్ల మోటు లెక్క. గాలి ఎక్కువుంటే ఇంకాస్త. గుండు నేలకు తగిలినట్టు చేతికి తెలియాలి, అంతకు మించి బరువు వద్దు.

అలాగని రంగు పూర్తిగా దండగ కాదు. వాల్‌ఐ కంటికి ఆకుపచ్చ, నారింజ-ఎరుపు బాగా ఆనతాయి, నీలం అంతగా ఆనదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు ఎరీ సరస్సులో చేపలు పట్టేవాళ్లను అద్దెకు తీసుకెళ్లే చార్టర్ పడవల కెప్టెన్ల చేత ఏ రంగుకి ఎన్ని పడ్డాయో లెక్క రాయించారు. తేట నీటిలో తెలుపు, మట్టి నీటిలో పసుపు, నాచు కమ్మిన నీటిలో నలుపు ముందు నిలిచాయి. అంటే రంగు ఎంచాల్సింది షాపులో కాదు, నీళ్లను చూశాక. లేక్ ఆఫ్ ది వుడ్స్ అనే సరస్సులో నీళ్లు టీ డికాక్షన్ రంగులో ఉంటాయి, అక్కడ బంగారు, నారింజ రంగులు నడుస్తాయి. అవే తీసుకెళ్లి తేట నీళ్లలో వేసి, నన్ను తిడితే ఎలా?

అపోహ: ప్రాణమున్న ఎర ముందు ప్లాస్టిక్ ఎందుకూ పనికిరాదు.

వాస్తవం: నీళ్ల వేడిని బట్టి. సీజన్ మొదట్లో నీళ్లు చల్లగా ఉంటాయి, చేప బద్ధకంగా ఉంటుంది. అప్పుడు జిగ్‌కి షైనర్ అనే వెండి రంగు చిన్న చేపను గుచ్చి, మెల్లగా లాగడమే. జూన్‌లో జలగ, ఎండలు ముదిరాక నైట్‌క్రాలర్ అనే లావు వానపాము. నీళ్లు వెచ్చబడితే చేపకు ఆకలి పెరుగుతుంది, వెంటపడి మరీ కొడుతుంది. అప్పుడు రబ్బరు తోక జిగ్‌లు, చేప ఆకారంలో ఉండే క్రాంక్‌బెయిట్లు ఏ మాత్రం తీసిపోవు. పైగా గంటకు 2 మైళ్ల వేగంతో పడవ వెనక లాగుతూ ఎక్కువ నీళ్లు వెతకొచ్చు. ఆ వేగానికి జలగను కట్టి లాగితే అది గిరగిరా తిరుగుతుంది తప్ప ఈదదు.

నా మొదటి సీజన్‌లో మే నెల చలికి జలగలు కొన్నాను. నీళ్లు 46 డిగ్రీల ఫారన్‌హీట్. నీళ్లలో వెయ్యగానే చొక్కా గుండీలా ముడుచుకుంది, మధ్యాహ్నం దాకా విప్పుకోలేదు. 50 దాటేదాకా జలగ జోలికి పోవద్దు.

అపోహ: అమ్మో జలగా, రక్తం తాగేస్తుంది!

వాస్తవం: మన చెరువుల్లో గేదెల కాళ్లకు పట్టే రకం కాదిది. ఎరగా అమ్మే రిబ్బన్ జలగ రక్తం తాగదు. చచ్చిన పురుగూ పుట్రా తిని బతుకుతుంది. వేలికి అంటుకుంటుంది, అంతే. వెడల్పుగా ఉన్న చివర, అంటుకునే చోట గుచ్చండి, అప్పుడు రిబ్బన్‌లా ఊగుతూ ఈదుతుంది. నడిమికి గుచ్చితే ఉండకట్టుకుపోతుంది.

అపోహ: పళ్లున్న చేప కదా, గాలానికి స్టీలు తీగ కట్టాల్సిందే.

వాస్తవం: వాల్‌ఐ కోరలు పట్టుకోవడానికే తప్ప కత్తిరించడానికి కావు. 6 లేదా 8 పౌండ్ల లాగుడికి ఆగే నైలాన్ దారం చాలు. దారం తెగ్గొట్టేది పక్కనే తిరిగే పైక్ అనే పదునైన పళ్ల చేప. తీగ కడితే ఎర కదలిక చచ్చిపోతుంది. ఒకటి రెండు జిగ్‌లు పైక్‌కి పోతే పోనీ.

రాత్రి మాత్రమే పడుతుందనేది సగం నిజం. దాని కంటి వెనక మెరిసే పొర వల్ల మసక వెలుతురులో బాగా కనిపిస్తుంది కాబట్టి సందెవేళ దానిదే. మబ్బు పట్టి, గాలికి అలలు లేచిన మధ్యాహ్నం కూడా పడుతుంది. అద్దంలాంటి నీళ్ల మీద ఎండ కాస్తుంటే నేనైతే ఒడ్డుకొచ్చి పులిహోర డబ్బా తెరుస్తాను.

చివరిది, మనవాళ్లే ఎక్కువ చేసే తప్పు. మిగిలిన వానపాముల్ని "రైతు నేస్తం కదా" అని చెట్ల కింద వదిలేస్తారు. ఇక్కడ అది మేలు కాదు. మంచుయుగం హిమానీనదాల తర్వాత మిన్నెసోటాలో సొంత వానపాములు లేవు, ఇప్పుడున్నవన్నీ బయటనుంచి వచ్చినవే. మేపుల్ అడవుల్లో రాలిన ఆకుల పొరను తినేసి, ఆ పొరలో మొలిచే మొక్కల్ని చంపేస్తున్నాయి. మిగిలినవాటిని డబ్బాతో సహా చెత్తబుట్టలో వెయ్యాలి. చిన్న చేపల బకెట్ అయితే సరస్సు నీళ్లు అక్కడే పారబోయాలి, అది చట్టం. చేపల్ని ఉంచుకోవాలంటే కుళాయి నీళ్లో బాటిల్ నీళ్లో పొయ్యాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్‌కి అవి చచ్చిపోతాయి గనక, కారు డిక్కీలో ఒక క్యాన్ బాటిల్ నీళ్లు పెట్టుకుని బయల్దేరండి.