ప్రొషుట్టోకు ఆ ఎరుపు ఎక్కడిది?

పంది తొడకు ఉప్పు పట్టించి, నెలల తరబడి గాలికి ఆరబెట్టి ఇటలీలో తయారుచేసే మాంసం ప్రొషుట్టో. పొయ్యి మీదికి ఎక్కకుండానే పల్చటి పొరలుగా పళ్లెంలోకి వస్తుంది. పేరుకు మూలం లాటిన్. ‘ఎక్సుక్టుస్’ అంటే తేమనంతా పీల్చేసినది. ఇటాలియన్‌లో పొడిగా ఉన్నదాన్ని ‘అషుట్టో’ అంటారు, అదీ ఈ మూలం నుంచి పుట్టిన మాటే. ఇప్పుడు ఉడికించిన రకాన్నీ ప్రొషుట్టో అనే పిలుస్తున్నారు కాబట్టి, ఆరబెట్టినదాన్ని ‘క్రూడో’, అంటే పచ్చిది, అని విడిగా చెబుతారు.

ఉత్తర ఇటలీలోని పార్మా నగరానికి దక్షిణాన, లాంగిరానో పట్టణం చుట్టుపక్కల కొండల్లో తయారయ్యే రకానిది ప్రపంచ ఖ్యాతి. అక్కడ మాంసానికి పట్టించేది ఉప్పు ఒక్కటే. మాంసం నిల్వకు మామూలుగా కలిపే నైట్రేట్లు, నైట్రైట్లు అనే లవణాలు వాడకూడదు. చర్మం ఉన్న వైపు తడి ఉప్పు, కండ కనిపించే వైపు పొడి ఉప్పు రుద్ది చలిగదుల్లో ఉంచుతారు. ఉప్పు నీటిని బయటికి లాగుతూ తాను మెల్లగా లోపలికి దిగుతుంది. అప్పుడు మిగిలిన నీరు కూడా సూక్ష్మజీవులకు అందదు. పైకి కనిపించే కండ గట్టిపడకుండా తర్వాత పంది కొవ్వు, ఉప్పు కలిపిన ముద్ద పూస్తారు.

పేరు తేమ సంగతే చెబుతుంది. రుచి సంగతి కండరంలోని ఎంజైములది. జంతువు చనిపోయాక కూడా అవి పనిచేస్తూనే ఉంటాయి. ఏడాదికి పైగా ప్రొటీన్లను తుంచి తుంచి అమైనో ఆమ్లాలుగా మారుస్తాయి. నాలుకకు తెలిసే ఆ కమ్మదనంలో గ్లుటామిక్ ఆమ్లానిది పెద్ద వాటా. ముక్కలో తెల్లటి చుక్కలు కనిపిస్తే బూజు అనుకోనక్కర్లేదు, అవి చాలావరకు టైరోసిన్ అనే అమైనో ఆమ్లపు స్ఫటికాలు.

అన్నిటికన్నా అద్భుతం రంగు. మామూలుగా నిల్వ మాంసానికి గులాబీ రంగు నైట్రైట్ల వల్ల వస్తుంది. అవేవీ లేని ఈ మాంసం గోధుమ రంగులోకి తిరగకుండా ఎర్రగా ఎలా ఉంది? 2004లో జపాన్ పరిశోధకులు జవాబు ప్రచురించారు. మాంసానికి రంగునిచ్చే హీమ్ అనే అణువు నడుమ ఇనుము ఉండాల్సిన చోట జింక్ చేరుతోంది. ఇలా జింక్ చేరిన అణువును జింక్ పోర్ఫిరిన్ అంటారు, ఆ మెరిసే ఎరుపు దానిదే. బయటి నుంచి ఎవరూ జింక్ కలపలేదు. అది కండలో మొదటి నుంచీ ఉన్నదే.

ఇంత రసాయనం నడిచాక నాణ్యత తేల్చేది మాత్రం మనిషి ముక్కు. గుర్రం ఎముకతో చేసిన సన్నటి సూదిని తొడలో ఐదు చోట్ల గుచ్చి, తీసి వాసన చూస్తారు. ఆ ఎముక వాసనను ఇట్టే పట్టుకుని ఇట్టే వదిలేస్తుంది, కాబట్టి ఒక పోటు వాసన మరో పోటుతో కలవదు. పరీక్ష నెగ్గిన తొడ చర్మం మీదే ఐదు కొనల కిరీటం ముద్ర కాల్చి వేస్తారు.